ఎవరి మాట? ఎవరితో అన్న మాట?

పెండ్లి పందిరిలో దంపతులను దీవించునప్పుడును, రచ్చబండకడ అన్నదమ్ముల ఆస్తితగవు తీర్చునప్పుడును, మృతుని యింట బంధువులు పరామర్శకు కూర్చున్నప్పుడును తెలుగువాని నోట ఏదో యొక పద్యము తనంతట తానే వెలువడుట మొన్నమొన్నటి వఱకు సర్వసాధారణమైన విషయము. అక్షరము లెఱుగనివారు కూడ వేమన పద్యములు నాలుగైనను చెప్పగలిగెడివారు. వీథిబడి పిల్లవానికి సుమతిశతకము కంఠస్థము కాకుండ చదువు సాగెడిది కాదు. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయములలోని పద్యములు పశులకాపరుల గొంతులలో కూడ మ్రోగినవి. నేడు ఆ పద్యముల స్థానమును కొంతవఱకు వాక్యము లాక్రమించినవి. గోడ క్యాలెండరులమీదను, ఆటోల వెనుకను, ఉదయమే చేతిఫోనులలో వచ్చి చేరు శుభాకాంక్షలలోను, జీవితమును గూర్చియు ప్రేమను గూర్చియు మనుష్యస్వభావమును గూర్చియు మహాకవుల పేర ప్రచారమందుచున్న సూక్తులు కోకొల్లలు. అనేకులకు సాహిత్యముతో గల పరిచయమంతయు ఈ సూక్తులతోనే మొదలై వీనితోనే ముగియుచున్నది. కావున, కావ్యములోని వేలకొలది వాక్యములలో ఏదో యొక్కటి మాత్రమే కావ్యమును విడిచి లోకములోని కెట్లు వచ్చును, వచ్చునప్పుడు తనవెంట ఏమి తెచ్చును, ఏమి విడిచివచ్చును అను ప్రశ్న పండితులకే గాక సామాన్య పాఠకునికిని సంబంధించినదే.

మన ఆలంకారికులు ఈ విషయమును చక్కగా గుర్తించి, దాని కొక పేరు పెట్టి, లక్షణము చెప్పియున్నారు. విశేషముగా జరిగిన యొక సంఘటనను వర్ణించి, దానిని సమర్థించుటకై సర్వసామాన్యమైన యొక లోకసత్యమును వెంటనే చెప్పుట అర్థాంతరన్యాసమను అలంకారము. పద్యములో మొదటి మూడు పాదములు కథకు చెందును. నాలుగవ పాదము లోకమునకు చెందును. ఆ నాలుగవ పాదమే కాలక్రమమున కథనుండి విడివడి సామెతయై నిలుచును. కుమారసంభవ ప్రారంభమున కాళిదాసు హిమవంతుని వర్ణించుచు, అన్ని రత్నములకు నిలయమైన ఆ పర్వతమునకు మంచు ఒక లోపము కాజాలదనియు, గుణములు పెక్కు గలచోట ఒక దోషము మునిగిపోవుననియు సమర్థించెను. ఆ భావము లోకమున ఎంత వ్యాపించినదనగా, తరువాతి కాలపు కవి యొకడు దానికి ప్రత్యుత్తరముగా వేఱొక శ్లోకము చెప్పి, ఆ మాట పలికినవాడు దారిద్ర్యమును ఎఱుగడనియు, సద్గుణరాశి నంతటిని ఒంటిగ నాశనము చేయగల దోషము అది యొకటి కలదనియు ఎత్తిపొడిచెను. ఇద్దఱి మాటయు సత్యమే. పర్వతరాజును చూచినవానికి మొదటిది సత్యము. పొయ్యిలో పిల్లి లేవని యింట పుట్టినవానికి రెండవది సత్యము. సూక్తి యొక్క బలమును, దాని పరిమితియు ఈ రెండు శ్లోకములను ఒకచో చేర్చి చదివినప్పుడే మనకు గోచరించును.

అర్థగౌరవమునకు ప్రసిద్ధుడైన భారవి విషయమున లోకము చెప్పుకొను కథ యొకటి కలదు. ఈ కవి పేరు కాళిదాసు పేరితోపాటు 634వ సంవత్సరమునాటి ఐహోళె శాసనమున చెక్కబడియున్నది గాన, ఆయన ఖ్యాతి యెంత ప్రాచీనమో ఊహింపవచ్చును. ఆయన యొకప్పుడు డబ్బునకు కటకటపడి, తొందరపాటుతో ఏ కార్యమును చేయరాదను అర్థము గల శ్లోకమును ఒక వర్తకునికడ తాకట్టు పెట్టెననియు, వర్తకుడు దానిని పడకగదిలో వ్రేలాడదీసి దూరదేశమునకు వాణిజ్యమునకై పోయి, పెక్కేండ్లకు తిరిగివచ్చి, భార్యచెంత నిద్రించుచున్న యువకుని చూచి కత్తి యెత్తగా ఆ శ్లోకము కంటబడుటచే చేయి నిలిపెననియు, ఆ యువకుడు తాను ఊరు విడిచిన పిమ్మట పుట్టిన సొంత కుమారుడే యని తెలిసికొనెననియు ఐతిహ్యము. కథ పలు విధములుగ చెప్పబడుచున్నది. చారిత్రక సత్యము మాట యటుంచి, ఒక్క శ్లోకమునకు ఒక ప్రాణము విలువ గలదని మన పూర్వులు నమ్మిరనుటకు ఇది చాలును.

అయితే ఆ శ్లోకము కిరాతార్జునీయమున ఎవరి నోట వెలువడినదో వర్తకుని కథ చెప్పదు. ద్వైతవనమున పాండవులు ప్రవాసదుఃఖ మనుభవించుచుండగా, వేగునకు పంపబడిన వనచరుడు దుర్యోధనుని పాలనానైపుణ్యమును వచ్చి నివేదించును. ద్రౌపది సహింపలేక, ఓర్పు మునులకు ఫలమిచ్చును గాని రాజులకు కాదని భర్తను తీవ్రముగా అధిక్షేపించును. భీముడు ఆమె పక్షమును పూని యుద్ధమునకు తొందరించును. అప్పుడు వారిని శాంతింపజేయుటకై ధర్మరాజు పలికిన పలుకు ఇది. అవమానపడిన భార్యకును, ఉడికిపోవుచున్న తమ్మునికిని, తన జూదమువలననే వారి కింత దుర్గతి కలిగెనని యెఱిగిన అన్న చెప్పిన మాట యని తెలిసినప్పుడు అదే శ్లోకము నీతివాక్యముగా మాత్రమే నిలువక, ఒక కుటుంబపు గుండెకోతగా వినిపించును. ద్రౌపది మాటలును సూక్తులే. వాని తర్కమును ధర్మరాజు తర్కముకంటె తక్కువది కాదు. భారవి ఎవరినిగాని గెలిపింపలేదు. వ్యాసుడు ప్రవేశించి, వెంటనే దండెత్తుటయు కాక, ఊరక కూర్చుండుటయు కాక, అస్త్రప్రాప్తికై అర్జునుని తపస్సునకు పంపు మార్గమును చూపును. ఒక పాదమును మాత్రము పటముకట్టి గోడకు తగిలించుకొన్నవానికి ఈ వాదమంతయు దక్కదు.

ఇతర దేశముల సాహిత్యములోను ఇదే పరిస్థితి. షేక్స్పియరు నాటకములనుండి ఎత్తిన సూక్తులు ఇంగ్లీషు చదివిన ప్రతివాని నోటను కలవు. కాని వానిలో ఎన్ని దుష్టులును, డాంబికులును పలికినవో గమనించినవారు తక్కువ. మంచిపేరును గూర్చి మిక్కిలి ఉదాత్తముగా ఒథెల్లోతో ప్రసంగించువాడు ఇయాగో. అదే ఇయాగో అంతకు ముందటి అంకములో, పేరు పోయినదని విలపించు కాసియోతో, పేరుప్రతిష్ఠలు వట్టి బూటకమని తేల్చివేసియుండెను. ఎవనికి ఏ మాట విషమగునో ఎఱిగి ఆ మాటను వానికి అందించుట వాని వృత్తి. హామ్లెట్టు నాటకమున విదేశమునకు పోవు కుమారునికి పొలోనియసు చేసిన హితోపదేశము పాఠ్యపుస్తకములకు ఎక్కినది. ఆ తండ్రియే కొలది సేపటికి ఆ కుమారుని నడవడిని ఆరాతీయుటకు గూఢచారిని పంపుట పాఠ్యపుస్తకములకు ఎక్కలేదు. మనుష్యజీవితమును ఏడు దశలుగా విభజించి, చివరకు మిగులునది నిస్సహాయమైన ముదిమియే యని చెప్పిన జేక్విసు ప్రసంగము విశ్వవిఖ్యాతము. ఆ ప్రసంగము ముగియుటయే తడవుగా, దాదాపు ఎనుబదియేండ్ల ముసలి సేవకుడైన ఆడమును ఎత్తుకొని ఆర్లెండో రంగమున ప్రవేశించును. తాను ఆయుష్కాలమంతయు కూడబెట్టిన సొమ్మును యజమానుని కొడుకునకు సమర్పించి వెంట నడచిన ఆ వృద్ధుడు జేక్విసు సిద్ధాంతమునకు సజీవమైన ఖండనము. నాటకకర్త మాటను ఒకరిచేత చెప్పించి, దాని సమాధానమును నోరు మెదపకయే మఱియొకరి రూపమున నిలబెట్టినాడు.

తెలుగున ఈ విద్యలో ఆఱితేరినవాడు గురజాడ. 1897లో వెలువడి 1909లో విశేషముగా పెంచి తిరుగ వ్రాయబడిన కన్యాశుల్కమునందలి పలుకులు తెలుగువారి నిత్యసంభాషణలో కలిసిపోయినవి. వానిలో సింహభాగము గిరీశానివి. సంఘసంస్కరణమును గూర్చియు, స్త్రీ పునర్వివాహమును గూర్చియు, విద్యను గూర్చియు అతడు వెంకటేశము ఎదుట దంచిన ఉపన్యాసములలో యథార్థములు లేకపోలేదు. కాని వితంతూద్ధరణమును గూర్చి అతడు పలుకు ప్రతి పలుకును బుచ్చమ్మను వశపఱచుకొను ప్రయత్నములో భాగమే. సత్యమైన మాటను అసత్యవాది నోట పెట్టుటయందే గురజాడ ప్రతిభ యున్నది. విని నవ్వుచునే మనము ఆ మాటను తూచి చూడవలసివచ్చును. గిరీశాన్ని మఱచి అతని మాటను మాత్రము ఉదాహరించువాడు, తెలియకయే వెంకటేశము ప్రక్కన కూర్చున్నవాడగును.

ఇంతవఱకు చెప్పినవి కథలోనుండి విడివడిన సూక్తులు. పుట్టుకతోనే కథ లేని పద్యములు మన సాహిత్యమున మఱియొక పెద్ద శాఖ. వీనిని ముక్తకము లందురు. హాలుని పేర ప్రసిద్ధమైన ప్రాకృత గాథాసప్తశతి ఈ శాఖకు ఆదిమ నిధి. ఇందు రాజులును దేవతలును అరుదు. కాపువాని పొలము, వేటకాని గుడిసె, వానకాలపు రాత్రి ఇంటికి చేరని బాటసారి, గోదావరి యొడ్డున సంకేతస్థలము, అత్తకు వినబడునట్లు ఒకటియు వాకిట నిలిచిన పథికునికి బోధపడునట్లు మఱొకటియు పలుకగల కోడలు ఇవే యిచటి లోకము. ప్రేమను గూర్చి ఈ గాథలకు తెలిసినంత తరువాతి మహాకావ్యములకు తెలియదనుట అతిశయోక్తి కాదు. శ్రీనాథుడు నూత్నయౌవనమున ఈ సప్తశతిని తెనిగించెననియు, ఆ తెనుగు మనకు దక్కలేదనియు సాహిత్యచరిత్ర చెప్పుచున్నది; ఆ లోటును మన కాలమున రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు ఏఱి కూర్చిన గాథలను పద్యములుగ సంతరించి కొంత తీర్చిరి.

కథ లేదు గదా, ముక్తకమునకు సందర్భముతో పని యేమి యని తోచవచ్చును. మన వ్యాఖ్యాతల పద్ధతి చూచినచో ఆ సందేహము తీరును. పదునైదవ శతాబ్ది తొలి దశకములలో కొండవీటి నేలిన పెదకోమటి వేమారెడ్డి, అమరుకుని శతకమునకు శృంగారదీపిక యను వ్యాఖ్య వ్రాసెను. శ్లోకములోని పదములకు అర్థము చెప్పుటతో ఆ రాజు తృప్తిపడక, ఈ మాటలు పలుకుచున్నది నాయికయా చెలికత్తెయా, ఎవరిని గూర్చి యెవరితో చెప్పుచున్నది, ఆమె మనఃస్థితి యెట్టిది యని నిర్ణయించుచు పోవును. నాలుగు పాదముల పద్యమునకు చుట్టును ఒక యిల్లును, ఒక అలుకను, ఒక రాత్రిని ఆయన కల్పించును. కవి విడిచిపెట్టిన సందర్భమును సహృదయుడు పూరించుట యిచట పఠనములో భాగమే. ఎవరి మాటయో తెలియని ప్రేమసూక్తి మన పూర్వుల దృష్టిలో అర్థము పూర్తికాని వాక్యము. అలుకలో పలికిన మాటకును, ఎడబాటులో పలికిన అదే మాటకును రసమే వేఱు.

ముక్తకకవులలో లోకవ్యవహారమునకు మిక్కిలి దగ్గఱివాడు భర్తృహరి. నీతి, శృంగారము, వైరాగ్యము అను మూడు శతకములు ఆయన పేర నున్నవి. భార్యపై ప్రాణము పెట్టుకొన్న రాజు తనకు లభించిన అమరఫలమును ఆమె కీయగా, ఆమె దానిని తాను వలచిన వేఱొకని కిచ్చుటయు, అది చేతులు మాఱి తిరిగి రాజుచెంతకే వచ్చుటయు, రాజు విరక్తుడై అడవికి పోవుటయు జనశ్రుతి. ఈ కథ ఎవరు కట్టినను శతకములలోని ఒక చిక్కును విప్పుటకే కట్టిరి. స్త్రీసౌందర్యమునకు మించిన పరమార్థము లేదన్న కవియే, అది యంతయు మాయ యని తెగనాడినాడే, ఈ రెంటిలో ఆయన నమ్మినదేది యని పాఠకుడు అడుగకమానడు. ఇతడు యౌవనమున నొకటియు వార్ధకమున నొకటియు నమ్మెనని జనశ్రుతి బదులు చెప్పుచున్నది. గణితశాస్త్రజ్ఞుడైన దామోదర ధర్మానంద కోశాంబి మూడు వందలకు పైబడిన వ్రాతప్రతులను పరిశీలించి 1948లో ప్రకటించిన పరిష్కరణమున, అన్నిటికిని సామాన్యముగా నిలుచు శ్లోకములు సుమారు రెండు వందలేయని తేలినది. తక్కినవి కాలక్రమమున ఆ పేరిటికి వచ్చి చేరినవి. కాగా భర్తృహరి యన్నది కొంతవఱకు ఒక వ్యక్తి పేరు, కొంతవఱకు ఒక జాతి యనుభవమునకు పేరు.

ఈ మూడు శతకములలో ఒకదానిని తీసివైచినచో మిగిలిన మనుష్యుడే మాఱిపోవును. పులికాట్ కోటలో డచ్చివారి మతబోధకుడుగా నున్న అబ్రహాం రోజరు, పద్మనాభుడను బ్రాహ్మణుని సాయముతో భర్తృహరి శ్లోకములను డచ్చిభాషలోనికి మార్చెను. రోజరు మరణానంతరము 1651లో ముద్రితమైన ఆయన గ్రంథముద్వారా సంస్కృత సుభాషితము ఐరోపావారికి తొలిసారిగా పరిచయమైనది. తెలుగుదేశపు సరిహద్దున జరిగిన ఈ అనువాదములో నీతియు వైరాగ్యమును ఉన్నవి, శృంగారశతకము లేదు. ఆ గ్రంథము చదివిన ఐరోపా పాఠకునికి భారతీయకవి యనగా ప్రపంచమును రోసిన బోధకుడుగానే కనబడియుండును. మన తెలుగు కవులు ఆ పొరపాటు చేయలేదు. జటప్రోలు సంస్థానమునకు చెందిన ఎలకూచి బాలసరస్వతియు, పెద్దాపుర ప్రాంతమున వెలసిన ఏనుగు లక్ష్మణకవియు, పుష్పగిరి తిమ్మనయు భర్తృహరిని తెనిగించినవారిలో ముఖ్యులు. లక్ష్మణకవి పద్యములు బడిలో చదువనివారు తెలుగున అరుదు. కాని బడిలో చెప్పినది ఎక్కువగా నీతిశతకమే. అందుచే మనకును భర్తృహరి సగమే తెలియును.

మనుష్యస్వభావమును గూర్చి వాక్యరూపమున చెప్పినవారిలో ఫ్రాన్సు దేశీయుడైన లా రోష్‌ఫుకో అగ్రగణ్యుడు. రాజునకు వ్యతిరేకముగ జరిగిన తిరుగుబాటులలో పాల్గొని, 1652లో పారిస్‌కడ జరిగిన పోరున ముఖమునకు తుపాకిగుండు తగిలి చూపు పోగొట్టుకొనునంత పనియై, రాజకీయములనుండి తొలగిన ఈ ప్రభువు, పారిస్ విదుషీమణుల గోష్ఠులలో తన సూక్తులను చెప్పి, వినిపించి, దిద్దుకొనుచు 1665లో గ్రంథముగ వెలువరించెను. మన సద్గుణములనుకొన్న వానిలో పెక్కింటి వెనుక స్వాభిమానమే మఱుగున నుండి పనిచేయుచున్నదని ఆయన సిద్ధాంతము. బ్రదికియుండగా ఆయన వెలువరించిన చివరి కూర్పు 1678 నాటిది; అందు 504 సూక్తులున్నవి. కూర్పు కూర్పునకు ఆయన చేసిన దిద్దుబాటులలో గమనింపదగినది ఒకటి కలదు: నిర్మొగమాటముగా చెప్పిన నిర్ణయములకు 'తరచుగా', 'ఇంచుమించుగా' వంటి చిన్న మాటలను చేర్చి వాని కాఠిన్యమును తగ్గించెను. చేతులు మాఱునప్పుడు మొట్టమొదట జాఱిపోవునవి ఆ చిన్న మాటలే. అనుభవజ్ఞుని సందేహము లోకము నోటబడి శాసనమగును.

సందర్భమువలెనే కర్త పేరును మాఱుచుండును. చార్లెస్ ఫిలిప్ బ్రౌను వ్రాతప్రతులు సేకరించి 1829లో ప్రకటించిన వేమన పద్యములు 693. పదేండ్లకు వచ్చిన రెండవ కూర్పున అవి 1164 అయినవి. పిమ్మట వచ్చిన కూర్పులలో ఆ సంఖ్య ఇంకను పెరిగినది. మకుట మొకటి చేర్చినచో ఎవరు చెప్పిన ఆటవెలదియైనను వేమనది కాగలదు. ఆ పేరుతో చెప్పినప్పుడు ఊరివారు చెవియొగ్గి విందురు. వాక్స్వాతంత్ర్యమును గూర్చి వోల్టేరు పలికినట్లు ప్రపంచమంతట చెలామణి యగుచున్న వాక్యము, వాస్తవమున 1906లో ఎవలిన్ బియాట్రిస్ హాల్ అను రచయిత్రి ఆయన మనోభావమును సంగ్రహించుచు వ్రాసినది. ఇందు మోసము లేదు. వినువాడు మాటను తూచుటకు ముందు చెప్పినవాని పేరును తూచును గనుక, మంచి మాట తనకు తగిన పెద్దపేరును వెదకికొని పోవుట లోకసహజము.

ఇన్ని చెప్పి, సూక్తులను ఏఱి కూర్చినవారిని నిందించినచో కృతఘ్నత యగును. మడికి సింగన పదునైదవ శతాబ్దిలో సకలనీతిసమ్మతమును సంధానింపకున్నచో ముద్రామాత్యము వంటి ప్రాచీనాంధ్ర గ్రంథములు పేరుకైన మిగులకపోయెడివి. ఆ సంకలనమునకు ఎక్కిన పద్యములే నేడు వానికి ఆధారము. వంగదేశపు జగద్దల విహారమున విద్యాకరుడను బౌద్ధుడు సుమారు 1100 ప్రాంతమున కూర్చిన సుభాషితరత్నకోశము కూడ అట్టిదే. బుద్ధస్తుతితో ప్రారంభమైన ఆ భిక్షువు గ్రంథమున ఋతువులును, యౌవనమును, సంభోగవిప్రలంభములును, దారిద్ర్యమును, ముదిమియు వర్గములుగా తీర్పబడియున్నవి. రాహుల సాంకృత్యాయనుడు టిబెట్టునందు చూచిన తాళపత్రప్రతి ఆధారముగా కోశాంబియు గోఖలేయు దానిని 1957లో ప్రకటింపగా, 1738 శ్లోకములు వెలుగు చూచినవి. ఇంటిని విడిచిన భిక్షువు ప్రేమపద్యములను అంత శ్రద్ధతో దాచుట ఆశ్చర్యముగా తోచును గాని, ఆయన పద్ధతిలో గొప్ప వివేకమున్నది: ఒక్కొక్క విషయమును గూర్చి పరస్పరవిరుద్ధములైన పలుకులను ప్రక్కప్రక్కన నిలిపి, తీర్పు చెప్పక పాఠకునికి విడిచినాడు.

సామాన్య పాఠకునికి అనుసరణీయమైన మార్గము విద్యాకరునిదియు వేమారెడ్డిదియు కలిపినచో దొరకును. మనస్సునకు హత్తుకొన్న సూక్తి యేదైనను కనబడినప్పుడు, అది ఎవరు ఎవరితో ఏ యవస్థలో పలికినదో విచారింపవలెను. దానికి ఎదురుమాట చెప్పినవారు ఎవరైన ఉన్నారేమో వెదకవలెను. ఓర్పును బోధించు ధర్మరాజు మాట నచ్చినవాడు ద్రౌపది మాట కూడ ఒకమారు చదివి, ఆ మీదటనే తన యింటి తగవునకు దేనిని వాడవలెనో నిశ్చయించుకొనుట మేలు. ఒక్క సూక్తినే పట్టుకొన్నవాడు దానిని ఎదుటివానిపై ప్రయోగించుటకు ఉబలాటపడును. రెండు విరుద్ధసూక్తులు తెలిసినవాడు ముందుగా తన్ను తాను ప్రశ్నించుకొనును. జీవితమును గూర్చి కవు లొక్క మాటమీద నిలువలేదని కొందఱు విసుగుకొందురు. వారు నిలువకపోవుటయే మన భాగ్యము: ఇరువదియేండ్ల వయస్సున శృంగారశతకమును, సంసారభారము మోయునాడు నీతిశతకమును, కాటికి కాళ్ళు చాచుకొన్ననాడు వైరాగ్యశతకమును చదువుకొనువానికి మూడింటియందును ఒక్కటే మాట యున్నచో ఆ మూడు పుస్తకములతో పని యేమి?